ఉన్నట్టుండి ఆగిపోయే కంప్యూటర్ గురించి మేనకోడలికి

అమ్మడూ,

నీ మెసేజ్ చదివాను. ఒక్కో పార్ట్ ఎంచుకుని, నీ చేత్తో నువ్వే బిగించుకున్న కంప్యూటర్ పని మధ్యలో ఆగిపోతుంటే ప్రాణం ఎంత ఉసూరుమంటుందో నాకు తెలుసు. ఏళ్ల తరబడి నా మెషీన్లు నేనే అసెంబుల్ చేసుకుంటున్నాను. ఈ బాధ ఒకటి రెండు సార్లు కాదు, చాలాసార్లు పడ్డాను.

విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసేస్తానని రాశావు. ఇప్పుడే వద్దు. ఇప్పటిదాకా పోగైన ఆధారాలన్నీ దాంతో పోతాయి. ముందు నీ ఫైళ్లన్నీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకో. ర్యామ్‌లో లోపం ఉంటే, నువ్వు సేవ్ చేసే ఫైళ్లు కూడా నీకు తెలియకుండానే పాడవుతుంటాయి. పాత కాపీల మీద కొత్తవి ఎక్కించొద్దు, రెండూ ఉండనీ.

తర్వాత ఒక నోట్‌బుక్ తీసుకో. ఆగిన ప్రతిసారీ తేదీ, టైమ్, అప్పుడు ఏం చేస్తున్నావు, ఎలా ఆగింది అన్నది రాయి. ఎలా ఆగిందన్నదే అన్నిటికంటే ముఖ్యం. కరెంటు పోయినట్టు టక్కున ఆరిపోయిందా? నీలం స్క్రీన్ వచ్చి ఏదైనా కోడ్ చూపించిందా? బొమ్మ బిగుసుకుపోయి సౌండ్ ఒకేచోట గుర్రుమందా? స్క్రీన్ నల్లబడి ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయా? టక్కున ఆరిపోతే నా అనుమానం ముందు పవర్ సప్లై మీదకి, కేబుల్స్ మీదకి, వేడి మీదకి పోతుంది. స్క్రీన్ ఒక్కటే నల్లబడితే గ్రాఫిక్స్ కార్డ్, దాని డ్రైవర్ (అంటే ఆ కార్డ్‌ని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్). నీలం స్క్రీన్‌లో ప్రతిసారీ ఒకే డ్రైవర్ ఫైల్ పేరు కనిపిస్తే ఆ డ్రైవర్ సంగతి చూడాలి. రోజుకో కొత్త కోడ్ వస్తుంటే మాత్రం ర్యామ్‌తో మొదలుపెట్టు.

విండోస్ తన లోపల జరిగినవన్నీ రాసిపెట్టుకునే చిట్టా ఈవెంట్ వ్యూయర్. అందులో కెర్నల్ పవర్ 41 అని కనిపిస్తుంది. అది చూసి పవర్ సప్లై పోయిందని కొత్తది కొనేసేవాళ్లు చాలామంది. ఆ 41కి అర్థం, కంప్యూటర్ పద్ధతిగా షట్‌డౌన్ కాకుండా ఆగింది అని మాత్రమే. ఎందుకు ఆగిందో అది చెప్పదు. దానికి కాస్త ముందో వెనకో డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ పేరుతో ఎర్రర్ ఉందేమో చూడు. అది ఉంటే హార్డ్‌వేరే స్వయంగా ఫిర్యాదు చేసుకుందన్న మాట. విండోస్‌లోనే ఉండే రిలయబిలిటీ మానిటర్ కూడా తెరువు. ఏ రోజు ఏం ఇన్‌స్టాల్ అయింది, ఏ రోజు ఆగింది అన్నీ ఒక్కచోట కనిపిస్తాయి.

ఇక ర్యామ్. నేనైతే ఇక్కడే ఎక్కువ టైమ్ పెడతాను. ర్యామ్ బాక్స్ మీద 6000 అని ఉంటే నీకది మామూలుగా నడవాల్సిన స్పీడే అనిపిస్తుంది. నిజానికి బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ర్యామ్‌ని ఆ స్పీడ్‌కి ఎక్కించే ఎక్స్‌ఎంపీ, లేదా ఎక్స్‌పో అనే సెట్టింగ్ ఆన్ చేశావంటే అది ఓవర్‌క్లాకింగే, అంటే మామూలు స్పీడ్‌ని మించి నడపడమే. ఆ ర్యామ్ ఆ స్పీడ్ తట్టుకున్నా, ప్రాసెసర్, మదర్‌బోర్డు తట్టుకోవాలని లేదు. నాలుగు స్టిక్కులు పెట్టి ఉంటే ఇంకా కష్టం. ఆ సెట్టింగ్‌ని ఆఫ్ చేసి నడుపు. ఆగడం మానేస్తే సగం జవాబు దొరికినట్టే. అది తేలేలోపే, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్‌ని పెన్ డ్రైవ్‌లో వేసి, దాంతోనే బూట్ చేసి, రాత్రంతా వదిలెయ్. నాలుగు పాస్‌లు, అంటే మొత్తం టెస్ట్ నాలుగు సార్లు, పూర్తవ్వాలి. అందులో ఒక్క ఎర్రర్ వచ్చినా వచ్చినట్టే, ఒక్కటే కదా అని సరిపెట్టుకోకు. వస్తే ఒక్కో స్టిక్‌నీ విడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి మళ్లీ టెస్ట్ చెయ్. ఎర్రర్ ఒక స్టిక్ వెంటే తిరుగుతుంటే ఆ స్టిక్ పోయినట్టు. ఏ స్టిక్ పెట్టినా అదే స్లాట్‌లో వస్తుంటే మదర్‌బోర్డు, లేదా ప్రాసెసర్. రెండే స్టిక్కులున్నప్పుడు చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది వాడాలి. నీ బోర్డు మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది, అది చూసి సరిపోల్చుకో.

నా మెషీన్ ఒకటి మూడు వారాలు ఏడిపించింది. విసుగొచ్చి ఒకే రోజు ర్యామ్ మార్చాను, బయోస్ అప్‌డేట్ చేశాను, డ్రైవర్లన్నీ తీసి మళ్లీ వేశాను. రెండు రోజులు హాయిగా నడిచి, మూడో రోజు మళ్లీ ఆరిపోయింది. మూడూ ఒకేసారి మార్చడంతో వాటిలో ఏ ఒక్కదాని గురించీ నాకేమీ తెలియలేదు. చివరికి కేస్ తెరిచి, ప్రతి కేబుల్‌నీ వేలితో తడిమి చూశాను. ప్రాసెసర్‌కి కరెంటిచ్చే ఎనిమిది పిన్నుల కనెక్టర్, బోర్డు పై మూలన, వేడిని లాగే లోహపు దిమ్మ (హీట్‌సింక్) చాటున ఉంటుంది. పైకి చూస్తే బిగిసే ఉంది. వేలు పెడితే కింద గోరు పట్టేంత సందు తగిలింది. క్లిప్ అంచు మీదకి ఎక్కి కూర్చుంది గానీ లోపలికి దిగలేదు. బొటనవేలితో నొక్కితే టిక్ అని చిన్న శబ్దం. ఆ తర్వాత ఆ మెషీన్ మళ్లీ అలా ఆగలేదు.

అందుకే చెప్తున్నా, ఒకసారికి ఒక్కటే మార్చు. మార్చాక సరిపడా రోజులు ఆగు. నీది మూడు రోజులకోసారి ఆగుతోందన్నావు. అలాంటప్పుడు ఒక్క రోజు ప్రశాంతంగా నడిస్తే దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. తొమ్మిది పది రోజులు చూడాల్సిందే.

కేస్ తెరిచేముందు ప్లగ్ తీసేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకో. కేస్ ఇనుప భాగాన్ని ముట్టుకున్నాకే లోపల చెయ్యి పెట్టు. పవర్ సప్లై డబ్బా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు మిగిలే ఉంటుంది.

గ్రాఫిక్స్ కార్డ్‌కి రెండు కనెక్టర్లుంటే, ఒకే కేబుల్‌కున్న రెండు తలలూ దానికే తగిలించకు, రెండు వేర్వేరు కేబుల్స్ వాడు. ఎనిమిది పిన్నుల కనెక్టర్ ఒక్కోటి 150 వాట్లకని లెక్క. గేమ్ ఆడుతున్నప్పుడే ఆగితే ముందు ఇక్కడ చూడు. ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నప్పుడు ఆగితే, వోల్టేజ్ తగ్గించే సెట్టింగ్ ఏదైనా పెట్టావేమో గుర్తు తెచ్చుకో. ఫుల్ లోడ్‌లో గంటల తరబడి నిలబడ్డ మెషీన్ కూడా ఆ సెట్టింగ్ వల్ల ఖాళీగా ఉన్నప్పుడు పడిపోవచ్చు. బయోస్‌లో అన్నీ డిఫాల్ట్‌కి తెచ్చి చూడు.

వేడి గురించి మరీ టెన్షన్ పడకు. ఏఎండీ రైజెన్ 7000 ప్రాసెసర్లు చాలావరకు గట్టి పని ఇస్తే 95 డిగ్రీల దాకా వెళ్లేలానే తయారయ్యాయి. ఊరికే ఉన్నప్పుడు కూడా 80 దాటుతుంటే మాత్రం కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీశావో లేదో చూడు.

నీ ప్రాసెసర్ ఏదో రాయలేదు. ఇంటెల్ 13వ, 14వ తరంది అయితే ఒక సంగతి తెలుసుకోవాలి. వోల్టేజ్ ఎక్కువగా వెళ్లి వీటిలో కొన్ని దెబ్బతింటున్నాయని 2024లో ఆ కంపెనీయే ఒప్పుకుంది. ఆ ఆగస్టు నుంచి కొత్త మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) బయోస్ అప్‌డేట్లలో ఇస్తూ వచ్చారు, వారంటీ కూడా రెండేళ్లు పెంచారు. అప్‌డేట్ ఇకమీదట కాపాడుతుందే గానీ, అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని బాగుచేయదు. దాన్ని వారంటీలో మార్పించుకోవాల్సిందే. బయోస్ అప్‌డేట్ చేసేటప్పుడు ఎక్స్‌ఎంపీ ఆఫ్‌లో ఉంచి, విండోస్‌లోంచి కాకుండా బయోస్ మెనూలోంచే చెయ్. మధ్యలో ఆగితే బోర్డుకే ముప్పు.

ఈ రాత్రికి ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసి, మెమ్‌టెస్ట్ పెట్టి పడుకో. పొద్దున్న ఆ స్క్రీన్ ఫోటో, నీ నోట్‌బుక్ మొదటి పేజీ ఫోటో నాకు పంపు. ఆ తర్వాత ఏం మార్చాలో ఇద్దరం కలిసి చూద్దాం.

ప్రేమతో,
మామయ్య