ఆకాశవాణిలో ప్రాంతీయ వార్తలు చదవడానికి మంచి గొంతు ఉంటే చాలా?

"నా గొంతు బాగుంటుందని అందరూ అంటారు, ఆకాశవాణిలో క్యాజువల్ న్యూస్ రీడర్‌గా ప్రయత్నించవచ్చా?" అని అడిగారు. తప్పకుండా ప్రయత్నించండి. నేను కొన్నేళ్లు ఆ పని చేశాను కాబట్టి తెలిసింది చెబుతాను.

కంచు కంఠం జగ్గయ్య గారు సినిమాల్లో స్థిరపడకముందు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారు. అందుకేనేమో, న్యూస్ రీడర్ అనగానే అందరికీ ముందు గొంతే గుర్తొస్తుంది. కానీ ఆ పని పూర్తి పేరు న్యూస్ రీడర్ కమ్ ట్రాన్స్‌లేటర్. మైకు ముందు కూర్చునేది పది నిమిషాలు. దానికి ముందు రెండు గంటలు అనువాదమే. తెల్లవారకముందే డ్యూటీకి వెళ్లేసరికి ఏజెన్సీల ఇంగ్లీషు కాపీ, జిల్లా విలేకరులు పంపిన వార్తలు సిద్ధంగా ఉండేవి. 120 మిలియన్ డాలర్లు అని ఉంటే మనం 12 కోట్ల డాలర్లు అని రాయాలి. అంకెలన్నీ అక్షరాల్లో రాసుకోవాలి. వాక్యం పొడవైతే విరగ్గొట్టాలి, ఎందుకంటే వినేవాళ్లు వెనక్కి వెళ్లి మళ్లీ వినలేరు.

ఇది నాకు ఒక వరద రోజున బాగా తెలిసొచ్చింది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ ఉదయం మొదటి హెచ్చరిక అమల్లో ఉంది. బులెటిన్‌కు కాస్త ముందు చేత్తో రాసిన కాగితం ఒకటి నా ముందుకొచ్చింది. "నీటిమట్టం 13.75 అడుగులకు చేరితే రెండో హెచ్చరిక జారీ చేస్తారు" అని అందులో ఉంది. నేను "చేరితే"ని "చేరింది" అని చదివాను. ఒకసారి అలా అన్నాక మిగతా వాక్యాన్ని నోరు దానంతటదే సర్దేసుకుంది: "రెండో హెచ్చరిక జారీ చేశారు".

స్టూడియో నుంచి బయటికి రాగానే న్యూస్ రూంలో ఫోను. కోనసీమ లంక గ్రామం నుంచి ఒక రైతు. "అమ్మా, రెండోది ఇచ్చేశారా? గేదెల్ని పడవెక్కించమంటారా?" అని అడిగాడు. ఇంకా ఇవ్వలేదని, తప్పు నాదేనని చెప్పాను. తర్వాతి బులెటిన్‌లో సవరణ చదివాం. కానీ ఫోన్ చేసింది ఆయన ఒక్కడే. చేయనివాళ్లు ఎంతమంది ఉంటారో అని ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. అప్పట్నుంచి హెచ్చరిక వార్త వస్తే ఎడిటర్‌కు చెప్పి ఇలా ముక్కలుగా రాసేదాన్ని: "నీటిమట్టం ఇప్పుడు ఇంత. మొదటి హెచ్చరిక అమల్లో ఉంది. రెండోది ఇంకా జారీ కాలేదు."

ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లు సొంతంగా వార్తలు తయారు చేయకూడదు, ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నది ఉన్నట్టు ప్రసారం చేయడానికి మాత్రమే అనుమతి ఉంది. అంటే రేడియోలో ఊరి వార్త వినాలంటే మన దగ్గరికే రావాలి. కరెంటు పోయి, సెల్ టవర్లు పడిపోయిన రోజున సెల్లు వేసిన చిన్న ట్రాన్సిస్టరే దిక్కు. ఆ బాధ్యత నచ్చితేనే రండి.

డబ్బు సంగతి సూటిగా చెబుతాను. క్యాజువల్ అంటే ఉద్యోగం కాదు. నెలలో కొన్ని డ్యూటీలు ఇస్తారు, డ్యూటీకి ఇంత అని లెక్క, చేతికి రావడానికి ఆలస్యం కూడా అవుతుంది. దీని మీదే ఇల్లు నడపడం కష్టం. నేను ట్యూషన్లు చెప్పుకుంటూ చేశాను.

ఎంపికకు స్టేషన్లు ప్రకటన ఇస్తాయి. అనువాదంతో రాత పరీక్ష, తర్వాత వాయిస్ టెస్ట్ ఉంటాయి. మొదటిదాంట్లోనే ఎక్కువమంది ఆగిపోతారు. కాబట్టి ఈ రాత్రే ఒక ఇంగ్లీషు వార్త తీసుకుని తెలుగులో రాయండి. కాగితం చూపించకుండా ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి. "ఏంటమ్మా?" అని వాళ్లు ఎక్కడ ఆపితే అక్కడ వాక్యం మార్చి, మళ్లీ చదవండి.