ఇండక్షన్ మోటారుకి ఎన్‌కోడర్, పీఐడీ పెట్టినా వేగం ఊగుతోంది. వెక్టర్ డ్రైవ్ కొనాల్సిందేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: నాలుగు పోల్స్ త్రీఫేజ్ ఇండక్షన్ మోటారు, నేమ్‌ప్లేట్ మీద 400 వోల్టులు, 50 హెర్ట్జ్, 1440 ఆర్‌పీఎం. మామూలు వీ/ఎఫ్ డ్రైవ్ (ఫ్రీక్వెన్సీతో పాటే వోల్టేజ్‌నీ మార్చి వేగం మార్చేది), షాఫ్ట్‌కి 1024 పల్సుల ఎన్‌కోడర్ (చుట్టుకి అన్ని పల్సులిచ్చే సెన్సర్), బయట ఒక కంట్రోలర్‌లో మీరే రాసుకున్న పీఐడీ (అడిగిన వేగానికీ వచ్చిన వేగానికీ తేడా చూసి ఆజ్ఞ సవరించే లెక్క: పీ ఆ తేడాకి, ఐ అంటే ఇంటిగ్రల్ పోగైన తేడాకి, డీ తేడా మారే తీరుకి స్పందిస్తాయి). లోడ్ పడగానే వేగం పడిపోతోంది, గెయిన్ (ఆ స్పందన ఎంత గట్టిగా ఉండాలో చెప్పే అంకె) పెంచితే హంటింగ్, అంటే వేగం అటూ ఇటూ ఊగడం, తగ్గిస్తే కోలుకోవడానికి యుగం పడుతోంది. టార్క్‌ని (తిప్పే బలాన్ని) నేరుగా నియంత్రించే వెక్టర్ డ్రైవ్ తీసుకోవాలా అని అడిగారు.

బహుశా అక్కర్లేదు, కనీసం ఇప్పుడే కాదు. డ్రైవ్‌లు కమిషనింగ్ చేయడమే నా పని, ఇలాంటి ఫిర్యాదు తరచూ వస్తుంది. వెళ్ళి చూస్తే చాలాసార్లు గెయిన్లు కాస్త అటూ ఇటూగా బాగానే ఉంటాయి, కానీ పీఐడీకి అందే వేగం రీడింగ్ అబద్ధం చెబుతూ ఉంటుంది, లేదా పీఐడీ ఇచ్చిన ఆజ్ఞ మోటారు దాకా వెళ్ళేలోపు మధ్యలో ఎవరో దాన్ని నెమ్మది చేస్తూ ఉంటారు. గెయిన్లు ముట్టుకోకుండా ముందు ఈ రెండూ చూడండి.

దానికంటే ముందు మోటారు సంగతి ఒకసారి. 50 హెర్ట్జ్ దగ్గర నాలుగు పోల్స్ మోటారు సింక్రనస్ వేగం, అంటే లోపలి అయస్కాంత క్షేత్రం తిరిగే వేగం, 1500. నేమ్‌ప్లేట్ 1440 అంటోంది కాబట్టి ఫుల్ లోడ్‌లో స్లిప్ (తిరిగే భాగం, అంటే రోటార్, ఆ క్షేత్రం కంటే వెనకబడే వేగం) 60 ఆర్‌పీఎం, అంటే 4 శాతం, ఫ్రీక్వెన్సీ లెక్కలో 2 హెర్ట్జ్. వీ/ఎఫ్ నిష్పత్తి (మీ మోటారుకి హెర్ట్జ్‌కి 8 వోల్టులు) సరిగ్గా నిలబడి ఫ్లక్స్ (ఆ క్షేత్రం బలం) మారకుండా ఉంటే, అదే టార్క్‌కి ఈ 60 ఆర్‌పీఎం స్లిప్ ఏ వేగంలోనైనా దాదాపు అంతే ఉంటుంది. 1500 దగ్గర 60 పోతే ఎవరూ పట్టించుకోరు. అదే మీరు 10 హెర్ట్జ్ పెట్టి 300 అడిగితే ఫుల్ లోడ్‌లో వచ్చేది 240, అంటే అయిదో వంతు మాయం. తక్కువ వేగంలో లోడ్ పడగానే మోటారు కూలబడినట్టు అనిపించడానికి కారణం ఇదే. పైగా ఆ ఫ్రీక్వెన్సీలో ఇచ్చే వోల్టేజే తక్కువ కాబట్టి స్టేటర్ (కదలని భాగం) రెసిస్టెన్స్ మీద పడే డ్రాప్ అందులో పెద్ద వాటా తినేస్తుంది, ఫ్లక్స్ తగ్గుతుంది, స్లిప్ ఇంకా పెరుగుతుంది. అందుకే డ్రైవ్‌లో వోల్టేజ్ బూస్ట్ అనే పారామీటర్ ఉంటుంది. దాన్ని ఇష్టం వచ్చినట్టు పెంచకండి, లోడ్ లేనప్పుడు మోటారు ఇనుము సాచురేట్ అయి (ఇంక ఫ్లక్స్ తీసుకోలేక) ఊరికే వేడెక్కుతుంది.

అంటే మీ కంట్రోలర్ సరిదిద్దాల్సింది మహా అయితే రెండు మూడు హెర్ట్జ్ మాత్రమే. కానీ చాలామంది చేసేదేమిటంటే 0 నుంచి 50 హెర్ట్జ్ దాకా మొత్తం పీఐడీ అవుట్‌పుట్‌కే అప్పగిస్తారు. నేను అలా ఎప్పుడూ ఇవ్వను. కావాల్సిన వేగానికి ఎంత ఫ్రీక్వెన్సీ కావాలో ముందే తెలుసు కదా (30 ఆర్‌పీఎంకి 1 హెర్ట్జ్), దాన్ని నేరుగా డ్రైవ్‌కి పంపండి, పీఐడీ అవుట్‌పుట్‌ని దానికి కలిపే చిన్న సవరణగా పెట్టి ప్లస్ మైనస్ 4 హెర్ట్జ్ దగ్గర కట్టేయండి. ఒక్క ఈ మార్పుతోనే చాలా హంటింగ్‌లు సగానికి పడిపోతాయి, ఎందుకంటే సెట్‌పాయింట్ (మీరు అడిగే వేగం) మారినప్పుడల్లా ఇంటిగ్రల్ సున్నా నుంచి కొండెక్కాల్సిన పని ఉండదు. ఇంకో లాభం భద్రత. ఎన్‌కోడర్ వైరు తెగితే ఫీడ్‌బ్యాక్ సున్నా అవుతుంది, మొత్తం అధికారం చేతిలో ఉన్న పీఐడీ మోటారు ఆగిపోయిందనుకుని గరిష్ఠ ఫ్రీక్వెన్సీ దాకా తోసేస్తుంది, పక్కన మనిషి ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సవరణ మాత్రమే చేసే పీఐడీ అయితే 4 హెర్ట్జ్ పెంచి అక్కడే ఆగుతుంది. ఎలాగూ ఆజ్ఞ ఉండి పల్సులు రాకపోతే ట్రిప్ చేసే లాజిక్ విడిగా రాసుకోండి, అది వేరే విషయం.

ఆ పరిమితి పెట్టడానికి ఇంకా లోతైన కారణం ఒకటుంది, డీసీ మోటారు అలవాటుతో వచ్చినవాళ్ళు దీన్ని మర్చిపోతారు. ఇండక్షన్ మోటారులో స్లిప్ పెరిగేకొద్దీ టార్క్ పెరగడం కొంతదూరమే. పుల్ అవుట్ పాయింట్ (మోటారు గరిష్ఠ టార్క్ ఇచ్చే చోటు) దాటాక స్లిప్ పెరిగితే టార్క్ తగ్గుతుంది, కరెంట్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఇప్పుడు బరువైన లోడ్ పడి వేగం తగ్గిందనుకోండి, పీఐడీ ఫ్రీక్వెన్సీ పెంచుతుంది, రోటార్ అంత త్వరగా అందుకోలేదు, స్లిప్ పుల్ అవుట్ దాటుతుంది, టార్క్ పడిపోతుంది, వేగం ఇంకా తగ్గుతుంది, పీఐడీ ఇంకా పెంచుతుంది. ఫీడ్‌బ్యాక్ గుర్తే తిరగబడిపోయిందన్నమాట, ఇక ఏ గెయిన్ పెట్టినా లాభం లేదు, చివరికి ఓవర్‌కరెంట్ ట్రిప్ ఒక్కటే గతి. దీనికి శాస్త్రీయమైన పరిష్కారం స్లిప్ నియంత్రణ: స్పీడ్ కంట్రోలర్ అవుట్‌పుట్‌ని స్లిప్ ఫ్రీక్వెన్సీగా తీసుకుని, హద్దు పెట్టి, ఎన్‌కోడర్ చూపిన రోటార్ వేగానికి కలిపితే వచ్చేదే స్టేటర్ ఫ్రీక్వెన్సీ. అలా చేస్తే కంట్రోలర్ ఎంత తొందరపడినా స్లిప్ హద్దు దాటదు. కానీ దానికి వేగం రీడింగ్ వేగంగా, శుభ్రంగా ఉండాలి, డ్రైవ్‌కి ఆజ్ఞ ఆలస్యం లేకుండా చేరాలి. మీ ఏర్పాటుకి పైన చెప్పిన సవరణ పద్ధతి చాలు.

ఇక మధ్యలో ఎవరు నెమ్మది చేస్తున్నారు అన్నది. డ్రైవ్‌లో యాక్సిలరేషన్ టైమ్ (0 నుంచి 50 హెర్ట్జ్‌కి వెళ్ళడానికి పెట్టిన సమయం) ఎంత ఉందో చూడండి. 10 సెకన్లు అని ఉంటే (తరచూ అలాగే ఉంటుంది) డ్రైవ్ సెకనుకి 5 హెర్ట్జ్ కంటే వేగంగా కదలదు. మీ పీఐడీ 3 హెర్ట్జ్ సవరణ అడిగితే అది అందడానికి 0.6 సెకను, ఆలోపు ఇంటిగ్రల్ తప్పు ఇంకా ఉందని పోగుచేస్తూనే ఉంటుంది, దాటిపోయాక వెనక్కి రావడానికి మళ్ళీ అదే కథ. నెమ్మదిగా, సెకనుకి ఒకసారో రెండు సెకన్లకి ఒకసారో ఊగే హంటింగ్ కనిపిస్తే నేను మొదట చూసేది ఇదే. డ్రైవ్ ర్యాంప్‌ని, అంటే ఈ సమయాన్ని, బాగా తగ్గించి, మెల్లగా వేగం పెంచాల్సిన ర్యాంప్‌ని మీ కంట్రోలర్‌లో సెట్‌పాయింట్ దగ్గర పెట్టుకోండి. ర్యాంప్ ఉండాలి కానీ లూపు (వేగం చదివి ఆజ్ఞ సవరించే చక్రం) లోపల ఉండకూడదు, బయట ఉండాలి.

ఆజ్ఞ ఏ దారిలో వెళ్తోంది అన్నదీ ముఖ్యమే. మోడ్‌బస్‌లో (కంట్రోలర్, డ్రైవ్ మాట్లాడుకునే సీరియల్ పద్ధతి) 9600 బాడ్ మీద, అంటే సెకనుకి 9600 బిట్లతో, ఒక రిజిస్టర్ రాయడానికి 8 బైట్లు వెళ్ళి 8 బైట్లు తిరిగి వస్తాయి, లైన్ మీదే 20 మిల్లీసెకన్ల దాకా పోతుంది, డ్రైవ్ ఆలోచించుకునే సమయం అదనం. అదే లైన్ మీద కరెంట్, ఫాల్ట్, ఉష్ణోగ్రత అన్నీ చదువుతుంటే ఒక్కో ఆజ్ఞకి వంద మిల్లీసెకన్లు దాటినా ఆశ్చర్యం లేదు. అప్పుడు పీఐడీని 5 మిల్లీసెకన్లకోసారి తిప్పి ప్రయోజనం ఏముంది. అనలాగ్ ఇన్‌పుట్ అయితే ఆలస్యం తక్కువే గానీ ఆ ఇన్‌పుట్‌కి డ్రైవ్‌లో ఫిల్టర్ టైమ్ ఉంటుంది, అదీ చూసుకోండి.

రీడింగ్ సంగతికొస్తే, ఇక్కడే అందరూ దెబ్బతింటారు. 1024 పల్సుల ఎన్‌కోడర్, రెండు చానళ్ళ అంచులన్నీ లెక్కపెడితే చుట్టుకి 4096 కౌంట్లు. వినడానికి బోలెడు. కానీ మీరు 1 మిల్లీసెకనుకోసారి కౌంట్ తీసి వేగం లెక్కగడితే ఒక్క కౌంట్ తేడా అంటే దాదాపు 14.6 ఆర్‌పీఎం! మోటారు నిలకడగా 300 దగ్గర తిరుగుతున్నా రీడింగ్ మెట్లు మెట్లుగా 293, 308 అని దూకుతుంది. దానికి పీ గెయిన్ వేస్తే డ్రైవ్‌కి ఆ గెంతులే వెళ్తాయి, ఇక డీ గెయిన్ పెట్టారంటే టెన్షన్ తప్ప ఏం మిగలదు. అదే 10 మిల్లీసెకన్ల కిటికీలో లెక్కపెడితే మెట్టు 1.5 ఆర్‌పీఎంకి దిగుతుంది, వచ్చే ఆలస్యం మీ డ్రైవ్‌తో పోలిస్తే లెక్కలోకి రాదు. బాగా తక్కువ వేగాల్లో అయితే పల్సులు లెక్కపెట్టడం మానేసి రెండు పల్సుల మధ్య సమయం కొలవండి, అప్పుడు అదే మెరుగు. ఎన్‌కోడర్ లేకుండా చుట్టుకి ఒకే పల్సు ఇచ్చే ప్రాక్సిమిటీ సెన్సర్‌తో లూపు కట్టేవాళ్ళూ ఉన్నారు, 300 ఆర్‌పీఎం దగ్గర పల్సుకీ పల్సుకీ మధ్య 200 మిల్లీసెకన్లు, ఆ మధ్యలో కంట్రోలర్ గుడ్డిది.

ఆ తర్వాత నాయిస్. డ్రైవ్ ఎనేబుల్ చేసి సున్నా వేగంలో ఉంచి, షాఫ్ట్ కదలకుండా ఎన్‌కోడర్ కౌంట్ చూడండి. కౌంట్ పాకుతుంటే ఎన్‌కోడర్ కేబుల్ మోటారు కేబుల్ పక్కనే వెళ్తోందని, లేదా షీల్డ్ సరిగ్గా ఎర్త్ కాలేదని అనుమానించాలి. దూరం ఎక్కువైతే డిఫరెన్షియల్ అవుట్‌పుట్ (ప్రతి సిగ్నల్‌నీ దాని వ్యతిరేకంతో జతగా పంపడం) ఉన్న ఎన్‌కోడర్ తప్ప వేరే దారి లేదు. తర్వాత లూపు తీసేసి స్థిరమైన ఫ్రీక్వెన్సీ ఇచ్చి వేగం గ్రాఫ్ గీయండి. లూపే లేనప్పుడు కూడా ఊగుతుంటే అది ట్యూనింగ్ సమస్య కానే కాదు. ఆ ఊగే ఫ్రీక్వెన్సీ షాఫ్ట్ తిరిగే ఫ్రీక్వెన్సీతో సరిపోతే (1440 అంటే సెకనుకి 24 చుట్లు) ఎన్‌కోడర్ కప్లింగ్ వంకరగా ఉందని దాదాపు ఖాయం. ఒక కన్వేయర్ దగ్గర అక్కడివాళ్ళు గెయిన్లు మార్చీ మార్చీ విసిగిపోయాక నన్ను పిలిచారు, తీరా చూస్తే కప్లింగ్ స్క్రూ వదులుగా ఉండి వేగం మారినప్పుడల్లా ఎన్‌కోడర్ కాస్త వెనకబడి కదులుతోంది. అలెన్ కీతో అయిపోయిన పని.

ఇవన్నీ అయ్యాక ట్యూనింగ్ నిజంగా చిన్న విషయం. లూపు తీసేసి 25 హెర్ట్జ్ నుంచి 27కి ఒక్కసారిగా మార్చండి, వేగం ఎంతసేపటికి 63 శాతం దూరం వెళ్ళిందో చూడండి, మొదట్లో ఏమీ కదలని ఆలస్యం ఎంతో కూడా చూడండి. మాటవరసకి 0.4 సెకను, ఆలస్యం 0.05 అనుకుందాం. వేగంలో తప్పుని (అడిగినదానికీ వచ్చినదానికీ తేడాని) కూడా 30తో భాగించి హెర్ట్జ్‌లోకి మార్చుకుంటే మోటారు గెయిన్ దాదాపు 1, కాబట్టి ఇంటిగ్రల్ టైమ్ 0.4 పెట్టి, పీ గెయిన్ 0.4 ని 0.45 తో (0.4, 0.05 కలిపి) భాగిస్తే వచ్చే 0.9 దగ్గర మొదలుపెట్టొచ్చు. నేనైతే అందులో సగంతో మొదలుపెట్టి లోడ్ వేసి తీసి చూస్తూ పెంచుతాను. పీ ఒక్కటే పెడితే లోడ్‌లో ఎప్పుడూ కొంత తప్పు మిగులుతుంది, ఆ స్లిప్‌ని పూర్తిగా పూడ్చేది ఇంటిగ్రలే. డీ సున్నా. స్పీడ్ లూపులో డీ అవసరమైన సందర్భం నాకు ఎదురుపడలేదు. అవుట్‌పుట్ 4 హెర్ట్జ్ హద్దుకి తగిలినప్పుడు ఇంటిగ్రల్ పోగవడం ఆపేయాలి, రెడీమేడ్ పీఐడీ బ్లాకుల్లో ఇది ఉంటుంది, మీరే రాసుకున్నారు కాబట్టి మీ కోడ్‌లో ఉందో లేదో చూసుకోండి.

వేగం తగ్గించేటప్పుడు మాత్రం ఇంకో హద్దు ఉంటుంది. లోడ్‌లో జడత్వం ఎక్కువైతే మోటారు జనరేటర్‌గా మారి డ్రైవ్ డీసీ బస్‌లోకి (సరఫరాని డీసీగా మార్చి నిలిపే లోపలి భాగం) కరెంట్ తోస్తుంది. 400 వోల్టుల సరఫరాకి ఆ బస్ మామూలుగా 565 వోల్టుల దగ్గర ఉంటుంది, అక్కడి నుంచి ఎగబాకుతుంటే చాలా డ్రైవ్‌లు ట్రిప్ కాకుండా తమంతట తామే ర్యాంప్ ఆపేస్తాయి. మీ పీఐడీకి ఆ సంగతి తెలియదు. ఆ శక్తిని వేడిగా ఖర్చుచేసే బ్రేక్ రెసిస్టర్ పెట్టాలి, లేదా సెట్‌పాయింట్ ర్యాంప్ ఇంకా మెల్లగా దించాలి.

వెక్టర్ డ్రైవ్ ఎప్పుడు కావాలంటే, సున్నా వేగంలో బరువు పట్టి నిలబెట్టాలన్నా, లోడ్ పడిన కొన్ని మిల్లీసెకన్లలో టార్క్ రావాలన్నా. హాసె, బ్లాష్కె అనే ఇంజినీర్లు 1970 ప్రాంతాల్లో వేసిన దారి అది: స్టేటర్ కరెంట్‌ని ఫ్లక్స్ భాగం, టార్క్ భాగంగా విడదీసి డీసీ మోటారు లాగా విడివిడిగా నడపడం. తీసుకుంటే ఎన్‌కోడర్‌ని డ్రైవ్‌లోకే కలిపి దాని స్పీడ్ లూపునే వాడండి, మీ కంట్రోలర్ సెట్‌పాయింట్ ఇస్తే చాలు. లోపలి కరెంట్ లూపు పక్కనే ఉంటుంది కాబట్టి బయటి నుంచి మోడ్‌బస్ మీద నడిపే ఏ లూపూ దానికి సాటిరాదు. ఆటోట్యూన్ (డ్రైవ్ తనంతట తానే మోటారు లక్షణాలు కొలుచుకోవడం) వీలైతే షాఫ్ట్ విడదీసి చేయండి. రోటార్ వేడెక్కితే దాని రెసిస్టెన్స్ డిగ్రీకి 0.4 శాతం చొప్పున పెరుగుతుంది, 100 డిగ్రీలు పెరిగితే 40 శాతం, స్లిప్ లెక్కగట్టే వెక్టర్ పద్ధతిలో డ్రైవ్ దాన్ని సరిచేసుకోకపోతే పొద్దున బాగున్న టార్క్ మధ్యాహ్నానికి మందగిస్తుంది. ఇక ఏ డ్రైవ్ అయినా సరే, ఫుల్ లోడ్‌తో 300 ఆర్‌పీఎం దగ్గర గంటల తరబడి నడపాలంటే మోటారుకి విడిగా బ్లోయర్ పెట్టండి, షాఫ్ట్ మీదున్న ఫ్యాన్ ఆ వేగంలో గాలి సరిపడా తోయలేదు.