5 గ్రాముల ఉప్పు 5.4 ఎట్లయింది?

తమ్ముడూ, ఇసుకల కలిసిన 5 గ్రాముల ఉప్పును నీళ్లల్ల కరిగించి, వడపోసి, ఇగిరిస్తే 5.4 గ్రాములొచ్చింది, 108 శాతం ఎట్లయితదని అడిగినవ్ కదా. లెక్క సరైందే. ఎక్కువొచ్చిన 0.4 గ్రాము దాదాపు అంతా నీళ్లే. పైకి పొడిగా కనపడ్డా ఉప్పు పలుకుల లోపల తడి చిక్కుకొని ఉంటది. వేడి చేస్తే చిటపటమనేది అందుకే.

బోరు నీళ్ల మీద అనుమానపడ్డవ్. మీ హన్మకొండ బోరుల లీటరుకు 1 గ్రాము లవణాలున్నయనుకున్నా, నువ్వు వాడిన 50 మిల్లీలీటర్లల్ల ఉండేది 0.05 గ్రామే. అయినా ఈసారి డిస్టిల్డ్ వాటర్ వాడు.

ముందుగాల ఖాళీ పింగాణి గిన్నెను తూచి రాసిపెట్టుకో. ఉప్పును సన్న మంట మీద ఎండబెట్టి, పూర్తిగా చల్లార్చి తూకం వెయ్యి. మళ్ల వేడి చెయ్యి, మళ్ల తూచు. వరుసగా రెండు తూకాలు ఒక్కటే వచ్చేదాకా ఆపకు. వేడి గిన్నెను మాత్రం తూచకు, పైకి లేసే వేడిగాలికి బరువు తక్కువ చూపిస్తది. పలుకులు ఎగిరిపోకుండ గిన్నె మీద వాచ్‌గ్లాస్ (కొంచెం గుంటగా ఉండే గుండ్రటి గాజు మూత) పెట్టు, కండ్లకు అద్దాలు మరువకు. వడపోత కాగితం మీది ఇసుకను కొన్ని నీళ్లతోని రెండుసార్లు కడుగు, లేకుంటే అండ్లనే కొంచెం ఉప్పు ఉండిపోతది.