జాగ్వార్ ఈ-టైప్ కొనబోతున్నారా? ముందు రేకు చూస్కోండి

మీరు అడిగింది ఇదీ కదా: లెస్టర్‌లో ఉంటున్నారు, 1966 జాగ్వార్ ఈ-టైప్ 4.2 కూపే (4.2 లీటర్ల ఇంజిన్, గట్టి పైకప్పు ఉన్న పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఒకటి అమ్మకానికి ఉంది, కొత్తగా రీస్టోర్ చేసి ఎర్ర రంగు వేశారు, మ్యాచింగ్ నంబర్స్ (అంటే ఫ్యాక్టరీలో పెట్టిన అసలు ఇంజిన్, బాడీలే ఇప్పటికీ ఉన్నాయని) అంటున్నారు, ఐదేళ్ళు ఉంచుకుంటే రేటు బాగా పెరుగుద్దని అమ్మేవాళ్ళు చెప్తున్నారు, తీసుకోవచ్చా లేక అదే డబ్బులకి పాత పోర్షే 911 చూడాలా అని.

నేను కోవెంట్రీలో ఉంటా, ఈ-టైప్ తయారైన బ్రౌన్స్ లేన్ మా ఇంటికి పది నిమిషాల దూరం, ఇప్పుడు అక్కడ ఫ్యాక్టరీ లేదనుకోండి. 2018 నుంచీ నా దగ్గర 1969 సీరీస్ 2 ఈ-టైప్ కూపే ఉంది (మీరు చూస్తున్నది దానికి ముందు వచ్చిన సీరీస్ 1), దానికి ముందు నాలుగేళ్ళు ఇంకో పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, ఒక ఎమ్‌జీబీ జీటీ ఉండేది. నాకు తెలిసింది ఈ రెండు కార్ల వల్లే తెలిసింది కాబట్టి దాన్నే చెప్తా.

ముందు ఎమ్‌జీబీ సంగతి, ఎందుకంటే మీరు చెప్పిన ఎర్ర కారు వర్ణన చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. 2014లో కొన్నా, 1972 కారు, సాయంత్రం పూట సన్నగా వాన పడుతుంటే చూశా, పెయింట్ అద్దంలా ఉంది, ఇంజిన్ ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది, అక్కడే మాట ఇచ్చేశా. మూడు నెలలకి ఇక్కడ ఏటేటా చేయించే కారు పరీక్ష అయిన ఎమ్‌ఓటీకి తీసుకెళ్తే టెస్ట్ చేసే ఆయన సిల్ (తలుపు కింద పొడవునా ఉండే రేకు పెట్టె) కింద చిన్న పనిముట్టుతో అలా నొక్కాడంతే, రేకు లోపలికి వెళ్ళిపోయింది, వేలెడు మందాన పుట్టీ పెట్టి దాని మీద రంగు కొట్టారు. రెండు వైపులా సిల్స్ కోసి కొత్తవి వెల్డింగ్ చేయించడానికి కారు కొన్న డబ్బుల కంటే ఎక్కువే అయింది. ఆ రోజు ఎంత బాధపడ్డానో ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే నేను పుట్టీ అంటే ఏంటో తెలియని ఇంట్లో పుట్టలేదు.

మా మావయ్యకి విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు ఉండేది, లారీ క్యాబిన్లు చేసేవాడు. చిన్నప్పుడు సెలవలకి వెళ్తే చూసేవాణ్ణి, ఏ బండి వచ్చినా ముందు చుట్టూ తిరిగి వేలి కణుపులతో కొట్టుకుంటూ వెళ్ళేవాడు. రేకైతే పలుకుద్దిరా, పుట్టీ అయితే పలకదు అనేవాడు. అందుకే 2018లో ఈ-టైప్ చూడ్డానికి వెళ్ళినప్పుడు వీడియో కాల్‌లో మావయ్యని పెట్టుకుని సిల్ పొడవునా కొట్టుకుంటూ వెళ్ళా, అమ్మే పెద్దాయన పక్కనే నిలబడి చూస్తున్నాడు, వెనక చక్రానికి జానెడు ముందు మావయ్య ఆగు, అక్కడ ఇంకోసారి కొట్టు అన్నాడు. కొట్టా. శబ్దం చచ్చిపోయింది. ఫ్రిజ్ అయస్కాంతం గుడ్డలో చుట్టి పెడితే అక్కడ అతుక్కోలేదు. పెద్దాయన నిజాయితీపరుడు, అవును అది పాత రిపేరు, పాత ఓనరు చేయించింది అని ఒప్పుకుని రేటు తగ్గించాడు, నేను తెలిసే కొన్నా. తెలిసి కొన్న లోపం వేరు, తెలియకుండా నెత్తిన పడే లోపం వేరు.

ఈ-టైప్‌లో ఇది మరీ ఎందుకు ముఖ్యమంటే ఆ కారు కట్టుబడే వేరు. మాల్కం సేయర్ అని విమానాల పని నుంచి వచ్చిన ఏరోడైనమిక్స్ ఇంజనీర్ దాని ఆకారం తీర్చాడు, 1961 మార్చిలో జెనీవా మోటార్ షోలో బయటికొచ్చింది, రెండో కారు కావాలని కబురొస్తే టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ రాత్రికి రాత్రి కోవెంట్రీ నుంచి నడుపుకుంటూ జెనీవా చేర్చాడు. మధ్య భాగం మొత్తం రేకుతో చేసిన డొల్ల పెట్టె లాంటిది, దాని బలమంతా సిల్స్‌లోనే ఉంటుంది. ముందు భాగంలో ఇంజిన్‌నీ సస్పెన్షన్‌నీ మోసేది సన్నటి చదరపు గొట్టాలతో చేసిన ఫ్రేము, అది మధ్య భాగానికి బోల్టులతో బిగించి ఉంటుంది. మంచి సైకిల్ ఫ్రేముల గొట్టాలకి పేరున్న రేనాల్డ్స్ కంపెనీ స్టీలు గొట్టాలవి. ఇవి లోపల్నుంచి తుప్పు పడతాయి, బయట నిగనిగలాడే పెయింట్ ఉంటుంది. అతుకుల దగ్గర గోధుమ రంగు చార కారినట్టు ఉన్నా, గొట్టం మీద చిన్న ముడత ఉన్నా వదలకండి, ఒకప్పుడు ముందు నుంచి గుద్దుకుందనో లోపల పోయిందనో అర్థం. ముందు బానెట్ కూడా ఒక్క ముక్కలా కనిపిస్తుంది కానీ చాలా ముక్కలు కలిపింది, సరిగ్గా కూర్చోబెట్టాలంటే మంచి పనివాళ్ళకే రోజులు పడుతుంది.

తలుపు తెరిచి మెల్లగా వదిలేయండి, దానంతటదే నిండుగా మూసుకోవాలి. తర్వాత తలుపు వెనక గ్యాప్‌లో పైనుంచి కిందకి వేలు పెట్టి చూడండి, పైన బిగుతుగా కింద వదులుగా ఉంటే సిల్స్ మార్చేటప్పుడు లోపల ఊతం పెట్టకుండా కోసేశారని, బాడీ మధ్యలో కుంగిందని అనుమానించాలి. కొత్తగా రీస్టోర్ చేశాం అంటున్నారు కదా, రంగు వేయకముందు ఉత్తి రేకు ఫోటోలు అడగండి. నిజంగా మంచి పని చేయించినవాళ్ళు ఫోటోలు ఆల్బమ్ కట్టి మరీ దాచుకుంటారు, అడక్కుండానే చూపిస్తారు.

ఇంక మ్యాచింగ్ నంబర్స్. నేను నాది కొనక ముందు నాలుగు కార్లు చూశా, మూడోది ఒక 4.2 కూపే, రైట్ హ్యాండ్ డ్రైవ్, యూకే కారు అని రాశారు. బానెట్ ఎత్తి ప్లేటు మీద నంబర్ చూస్తే 1ఈ3 తో మొదలైంది. సీరీస్ 1 4.2 కూపేల్లో రైట్ హ్యాండ్ కార్లు 1ఈ20001 నుంచి మొదలవుతాయి, లెఫ్ట్ హ్యాండ్‌వి 1ఈ30001 నుంచి. అంటే అది లెఫ్ట్ హ్యాండ్ కారు, ఇక్కడికి తెచ్చి స్టీరింగ్ మార్చారు. అలా మార్చడం తప్పేం కాదు, ఈ-టైప్‌లు ఎక్కువ భాగం ఎగుమతికే, అందులోనూ అమెరికాకే వెళ్ళాయి, తిరిగొచ్చినవి వందలకొద్దీ ఉన్నాయి, కానీ దాన్ని పుట్టుకతో యూకే కారు రేటుకి అమ్మడం తప్పు. అడిగితే మాకు తెలీదు అన్నారు. నేను వచ్చేశా.

మీ కారుకి కూడా చూడాల్సినవి నాలుగు నంబర్లు: ఛాసిస్, ఇంజిన్, బాడీ, గేర్‌బాక్స్. ప్లేటు మీద నాలుగూ ఉంటాయి, కానీ కొత్త ప్లేటు ఎవరైనా కొని కొట్టించుకోవచ్చు, కాబట్టి ప్లేటు చూసి ఆగిపోకండి, ఛాసిస్ నంబర్ ముందు ఫ్రేము మీద, ఇంజిన్ నంబర్ బ్లాకు మీదా హెడ్ మీదా కొట్టి ఉంటుంది, అవన్నీ కలవాలి. ఆ తర్వాత జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ వాళ్ళ సర్టిఫికెట్, గేడన్‌లో ఉన్న పాత ఫ్యాక్టరీ రికార్డుల్లోంచి తీసి ఇస్తారు, అసలు ఏ రంగు, లోపల సీట్లు ఏ రంగు, ఏ రోజు ఏ డిస్ట్రిబ్యూటర్‌కి పంపారు అన్నీ ఉంటాయి. ఓనర్‌కే ఇస్తారు కాబట్టి అమ్మేవాళ్ళనే తీయించమనండి. అసలు రంగు వేరేదైతే, నా మటుకు ఆ కారుని మళ్ళీ ఎర్రగా మార్చారన్నది బేరమాడే విషయమే, ఓపలెసెంట్ సిల్వర్ బ్లూ లాంటి అసలు రంగులో ఆ కారు చూస్తే మీకే తెలుస్తుంది.

ఇంజిన్ గురించి అందరూ భయపడతారు, నాకైతే అదే తక్కువ భయం. ఎక్స్‌కే అనే దీని ఇంజిన్ చాలా గట్టిది. వేడెక్కాక 3000 ఆర్‌పీఎమ్ దగ్గర ఆయిల్ ప్రెషర్ 40 పీఎస్‌ఐ చుట్టుపక్కల ఉందా, ముందు వైపు కింద నుంచి టైమింగ్ చైన్ గలగలా అంటోందా, ట్రాఫిక్‌లో నిలబడితే టెంపరేచర్ ఎక్కుతోందా, ఈ మూడూ చూస్కోండి. వెనక సీల్ దగ్గర కొంచెం ఆయిల్ కారడం చాలా కార్లలో ఉంటుంది. ఇంజిన్ ఎంత పాడైనా బాగుచేసేవాళ్ళు దొరుకుతారు, పనికి ఒక హద్దు ఉంటుంది, తుప్పుకి మాత్రం కోస్తున్నకొద్దీ ఇంకా లోపల కనిపిస్తూనే ఉంటుంది. పని ఎక్కువ పెట్టేది వెనక బ్రేకులు. డిస్కులు చక్రాల దగ్గర కాకుండా లోపల డిఫరెన్షియల్ (వెనక చక్రాలు రెంటికీ శక్తి పంచే గేర్ల పెట్టె) పక్కన ఉంటాయి, సరిగ్గా చేయాలంటే వెనక సస్పెన్షన్ మొత్తం కిందకి దించాల్సి వస్తుంది, నేనూ నా ఫ్రెండూ కలిసి మూడు వీకెండ్లు చేశాం. ఆయిల్ సీల్ లీకైతే ఆ నూనె నేరుగా డిస్కుల మీద పడుతుంది కాబట్టి కింద పడుకుని టార్చ్ వేసి చూడండి.

పెట్రోల్ సంగతి కూడా. 2021 సెప్టెంబర్ నుంచి ఇక్కడ మామూలు పెట్రోల్ ఈ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిపింది) అయింది, పాత రబ్బరు గొట్టాలకి అది పడదు. నాకు ఒక రోజు గ్యారేజ్ తలుపు తీయగానే గుప్పున వాసన వచ్చింది, కార్బురేటర్ దగ్గర పైపు చెమట పట్టినట్టు తడిగా ఉంది, ఆ పక్కనే వేడి ఎగ్జాస్ట్ అయ్యుంటే ఏమయ్యేదో. ఆ రోజే పైపులన్నీ మార్చేశా, అప్పట్నుంచీ ఇథనాల్ తక్కువుండే ఈ5 సూపర్ మాత్రమే. కొన్నాక మొదటి వారం మీరు చేయాల్సిన పని ఇదే.

రేటు పెరుగుద్ది అన్న మాట నమ్మి మాత్రం కొనకండి. ఇన్సూరెన్స్‌కి ముందే ఒప్పుకున్న విలువ అని రాస్తారు కదా, నాది పోయినసారి రెన్యువల్‌లో పెరగలేదు సరికదా తగ్గించి రాశారు. 40 ఏళ్ళు దాటింది కాబట్టి రోడ్ ట్యాక్స్ లేదు, పెద్ద మార్పులు చేయకపోతే ఎమ్‌ఓటీ కూడా తప్పనిసరి కాదు, అమ్మితే లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు, ఇవన్నీ నిజమే, కానీ గ్యారేజ్, సర్వీస్, ఇన్సూరెన్స్ కలిపితే పెట్టుబడి లెక్క ఎక్కడా నిలబడదు. ఇంటి డిపాజిట్ డబ్బులు అయితే అసలు ముట్టుకోకండి. నేను మాత్రం ఏటా ఎమ్‌ఓటీ చేయిస్తా, చట్టం అడగకపోయినా ఇంకో మనిషి కళ్ళు కింద నుంచి చూడ్డం నాకు ధైర్యం.

911 గురించి రెండు మాటలే, ఎందుకంటే నాకు సొంతంగా లేదు. రోజూ నడుపుకుందాం అనుకుంటే అది తక్కువ ఇబ్బంది పెడుతుంది, 1976 మోడల్ నుంచి బాడీకి జింక్ పూత ఉంది కాబట్టి తుప్పు భయం తక్కువ. 911 ఎస్‌సీ మోడల్ అయితే టైమింగ్ చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్లు మార్చారా అడగండి, తర్వాతి మోడల్ 3.2 కరేరాకి వచ్చేసరికి కంపెనీనే వాటిని మెరుగుపరిచింది. కానీ మీ ప్రశ్న మొత్తంలో మీరు 911 పేరు ఒక్కసారే ఎత్తారు, ఈ-టైప్ గురించి రెండు పేరాలు రాశారు.

కుదిరితే సీరీస్ 2 లెఫ్ట్ హ్యాండ్ కారు కూడా చూడండి. నాది అమెరికా నుంచి తిరిగొచ్చిందే, మూడు ఎస్‌యూ కార్బురేటర్లకి బదులు రెండు స్ట్రాంబర్గ్‌లు ఉంటాయి, పవర్ కొంచెం తక్కువ, హెడ్‌లైట్ల మీద గాజు మూత లేదు, అందుకే రేటు తక్కువ. కూలింగ్ మాత్రం సీరీస్ 1 కన్నా చాలా మెరుగు. స్టీరింగ్ ఎడమ వైపే ఉంచేశా, పుట్టినట్టే ఉండనీ అనిపించింది.

ఆ ఎర్ర కారు దగ్గరికి శనివారం పొద్దున్నే, ఎండగా ఉన్న రోజు వెళ్ళండి, ముందే ఫోన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంచొద్దని చెప్పండి, వెళ్ళగానే రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి, చల్లటి ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుద్దో మీ కళ్ళతో చూడాలి. నాలుగు నంబర్ల ఫోటోలు వెళ్ళకముందే అడగండి, పంపితే ఇక్కడ కామెంట్లో ఛాసిస్ నంబర్ మొదటి మూడు అక్షరాలు పెట్టండి చాలు, ఏ వైపు స్టీరింగ్‌తో పుట్టిందో నేను చెప్తా.