ఎండలో రోడ్ సైకిల్ తొక్కేవారికి తేలికగా, గాలి ఆడేలా ఉండే హెల్మెట్ ఏది?

ఉదయం యాభై కిలోమీటర్లు తొక్కి వచ్చేసరికి తల ఉడికిపోతోందని, నుదురు నొప్పి పెడుతోందని, 200 గ్రాముల లోపు హెల్మెట్ కొంటే ఈ బాధ తీరుతుందా అని అడిగారు. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు హెల్మెట్ తీసి హ్యాండిల్‌కు తగిలించుకోవచ్చా అని కూడా అడిగారు. ఆరేళ్లుగా విశాఖపట్నంలో రోడ్ సైకిల్ తొక్కుతున్నాను. నా అనుభవంలో బరువు తగ్గినంత మాత్రాన తల చల్లబడదు. ముందుగా గాలి దారిని, తరువాత తలకు అమరికను, గ్రాముల లెక్కను ఆఖరున చూడండి.

నా మొదటి హెల్మెట్‌కు ఇరవైకి పైగా రంధ్రాలు ఉండేవి. అయినా మే నెలలో బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లి వచ్చాక నుదుటి మెత్తను బొటనవేలితో నొక్కితే చెమట ధారగా కారేది. గడ్డం కింది పట్టీ ఆరాక దాని మీద తెల్లని ఉప్పుచార తేలేది. సముద్రతీరంలో గాలిలోనే తేమ ఎక్కువ కనుక, తల మీద గాలి కదులుతూ ఉంటే తప్ప చెమట ఆరదు. ఒకరోజు హెల్మెట్‌ను తిప్పి పట్టుకుని లోపల వేలు పెట్టి చూస్తే, ముందు రంధ్రం నుంచి వెనుక రంధ్రం దాకా సాగే గాడి ఒక్కటీ లేదు. లోపలికి వచ్చిన గాలికి బయటకు పోయే దారి లేనప్పుడు రంధ్రాలు ఎన్ని ఉన్నా ప్రయోజనం ఉండదు. ఇప్పుడు వాడుతున్న దానికి రంధ్రాలు తక్కువే, కానీ గాళ్లు లోతుగా, ముందు నుంచి వెనుకకు తెగకుండా ఉన్నాయి. నుదుటికీ అంచుకూ మధ్య కొద్దిపాటి సందు కూడా ఉంది. సింహాచలం కొండ మీదికి గంటకు పది కిలోమీటర్ల వేగంతో ఎక్కేటప్పుడు ఆ సందు విలువ తెలుస్తుంది. వేగం కోసం నున్నగా, దాదాపు మూసినట్టు చేసే ఏరో హెల్మెట్లు చదునైన రోడ్డు మీద బాగానే ఉంటాయి గానీ, నెమ్మదిగా ఎక్కేటప్పుడు ఉక్కపోస్తాయి.

ఎక్కేటప్పుడైనా సరే, హెల్మెట్ తీయకండి. 2003 మార్చిలో పారిస్–నీస్ పందెంలో హెల్మెట్ లేకుండా పడిన కజకిస్థాన్ ఆటగాడు ఆండ్రీ కివిలెవ్ తలకు దెబ్బ తగిలి మరణించారు. ఆ తరువాత అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య హెల్మెట్‌ను తప్పనిసరి చేసినప్పుడు, పందెం చివర వచ్చే పెద్ద ఎక్కుడులో తీసేందుకు మొదట మినహాయింపు ఇచ్చి, తరువాత దానినీ రద్దు చేసింది.

బరువు విషయంలో ఒక మెలిక ఉంది. హెల్మెట్ లోపలి థర్మాకోల్ తాను నలిగి దెబ్బను మింగుతుంది కాబట్టి, దానిని ఇష్టం వచ్చినట్టు తగ్గించడం కుదరదు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1078 చదునైన ఇనుప దిమ్మె మీద సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి పడేసి పరీక్షిస్తే, అమెరికా సీపీఎస్సీ ప్రమాణం రెండు మీటర్ల నుంచి పరీక్షిస్తుంది. అందువల్ల ఒకే మోడల్ అమెరికా రకం కాస్త బరువుగా ఉండవచ్చు. ఆ తేడాను చూసి వెనుకాడకండి. తల మెలితిరిగే దెబ్బను తగ్గించే మిప్స్ పొర ఉంటే మరికొన్ని గ్రాములు పెరుగుతాయి, అవి మోయదగిన గ్రాములే. లోపల ఈ రెండు ప్రమాణాలలో ఏదో ఒకదాని చీటీ లేని హెల్మెట్‌ను, అది ఎంత తేలికైనా, నేను కొనను. రుషికొండ దగ్గర మలుపులో ఇసుక మీద చక్రం జారి పడినప్పుడు నా హెల్మెట్ పైకి చెక్కుచెదరలేదు, కానీ లోపలి థర్మాకోల్‌లో వెంట్రుకంత బీట కనిపించింది. ఆ రోజే దానిని పక్కన పెట్టేశాను.

మీ నుదుటి నొప్పికి కారణం బహుశా బరువు కాదు, ఆకారం. గుండ్రని తలకు కోల హెల్మెట్ పెడితే చెవుల పైన నొక్కుతుంది. కోల తలకు గుండ్రనిది పెడితే నుదుటిని నొక్కుతూ పక్కలు వదులుగా ఉంటాయి. కనుబొమలకు ఒక అంగుళం పైన టేపుతో చుట్టుకొలత తీసుకుని దుకాణానికి వెళ్లండి. పట్టీ పెట్టుకోకుండా, వెనుక డయల్ మాత్రం బిగించి తల వంచండి, జారకూడదు. జడ వేసుకునేవారు డయల్ కింద జడకు చోటుందో లేదో కూడా చూసుకోవాలి. ఆపైన కనీసం పది నిమిషాలు తలమీద ఉంచుకుని, తీసిన వెంటనే అద్దంలో నుదురు చూసుకోండి. ఎర్రని గీత పడి ఉంటే ఇంకో కంపెనీది పెట్టి చూడండి.