కుక్కపిల్ల కంటే ముందు మాత్రల పెట్టె సంగతి చూడు

చి. సుధకు,

పెదనాన్న ఆశీస్సులు. లాబ్రడార్ పిల్లను తెచ్చుకుంటున్నారని మీ నాన్న చెప్పాడు. వీధికుక్క మొరిగితే నా పంచె పట్టుకుని వెనక దాక్కునేదానివి, నువ్వేనా! చాలా సంతోషం. టీకాలు, నులిపురుగుల మందు, తిండి సంగతులు అక్కడి డాక్టరు చెబుతాడు. నా దిగులంతా మీ అత్తగారి మాత్రల పెట్టె గురించి. అది టీపాయ్ మీదే ఉంటుంది, పోయినసారి చూశాను. దాన్ని బీరువాలో పెట్టి తాళం వెయ్యి. ఆవిడ నొచ్చుకోకుండా వేళకు నువ్వే తీసి ఇవ్వు.

రెండు నెలల పిల్ల అయిదు కిలోలు తూగుతుందనుకో. మనం జ్వరానికి వేసుకునే 650 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఒక్కటి మింగినా కిలోకు 130 పడ్డట్టు. కుక్కకు కిలోకు వంద దాటితే కాలేయానికి ముప్పు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తినే కదా మన దేశంలో రాబందులు నాశనమయ్యాయి! పశువులకు ఆ మందును 2006లో నిషేధించారు. వారానికొకటి వేసుకునే 60,000 యూనిట్ల విటమిన్ డి కూడా చిన్న కుక్కపిల్లకు చేటే. మింగిన రోజు హుషారుగానే ఉంటుంది, ఒకటి రెండు రోజులకు గానీ బయటపడదు. అందుకే ‘బాగానే ఉందిగా’ అని ఊరుకోకు.

నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా ఉన్న రోజుల్లో ఒక మేష్టారి కుక్క నొప్పి మాత్రలు మింగింది. తీపి పూత ఉన్న మాత్రలాయె, చప్పరించి మరీ తినేసింది. వెంటనే తెస్తే బతికేదేమో. పక్కింటాయన మాట విని చెంబుడు ఉప్పునీళ్లు గొంతులో పోశారు. వాంతి కాలేదని మళ్లీ పోశారు. ఆసుపత్రికి తెచ్చేసరికి గురగుర శబ్దంతో ఊపిరి ఆడుతోంది. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయాయి, ఒంట్లో ఉప్పు పెరిగి ఫిట్స్ మొదలయ్యాయి. ఆ మేష్టారు తడిసిన చొక్కాతో ‘మంచికే చేశామండీ’ అంటూనే ఉన్నాడు. మా డాక్టరు మాత్రల కంటే ఉప్పే చంపిందన్నాడు. కాబట్టి ఉప్పునీళ్లు, నూనె, పాలు, గొంతులో వేళ్లు, ఏవీ వద్దు. ఎవరు చెప్పినా వద్దు. మీ అత్తగారు చెప్పినా సరే!

ఒకవేళ పిల్ల మాత్రలు మింగితే, నోట్లో మిగిలింది తీసేసి, ఖాళీ స్ట్రిప్ దాచు. ఎన్ని మింగింది, ఎప్పుడు మింగింది, బరువెంత అన్నవి చెబుతూ డాక్టరుకు ఫోను చెయ్యి. వాంతి చేయించాలో లేదో ఆయనే తేలుస్తాడు. మొదటి రెండు గంటలలోపైతే దానివల్ల లాభం ఎక్కువ. మగతగా ఉన్నా, ఫిట్స్ వస్తున్నా చేయించకూడదు.

షుగరు మాత్రలంటే నాకు మరీ భయం. గ్లిమిపిరైడ్ మింగితే తూలిపోయి వణుకుతుంది. స్పృహలో ఉంటే చిగుళ్లకు కాస్త తేనె రాసి, ఆసుపత్రికి పరుగెత్తు. కుక్కపిల్లకు పేరేం పెట్టాలని వాదించుకుంటున్నారటగా, ముందు రాత్రిపూట తెరిచి ఉండే పశువుల ఆసుపత్రి ఎక్కడుందో కనుక్కో. నంబరు రాసి ఫ్రిజ్ మీద అంటించు. ఆ తర్వాత పిల్ల ఫొటో పంపు. మీ పెద్దమ్మ అప్పుడే రెండుసార్లు అడిగింది.

పెదనాన్న