స్పాంజీలు, బ్రష్షులు డిజైన్ చేస్తానంటోంది... ఏ కోర్సులో చేర్పించాలి?

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి, సైన్స్ గ్రూపు. మార్కులు బాగానే వస్తాయి. కానీ ఖాళీ దొరికితే చాలు, పాత టూత్‌బ్రష్షులు, స్పాంజి ముక్కలు, తీగలు ముందేసుకుని ఏవేవో తోమే సామాన్లు తయారుచేస్తూ కూర్చుంటుంది. ఈమధ్య సన్నమూతి సీసాల అడుగు తోమడానికి మెడ వంగే బ్రష్ ఒకటి చేసింది. బాగానే పనిచేస్తోంది, కాదనను. 'ఇలాంటివే డిజైన్ చేస్తాను, కంప్యూటర్ సైన్స్ వద్దు' అంటోంది. వాళ్ల నాన్నగారు కోప్పడుతున్నారు, చుట్టాలు నవ్వుతున్నారు. చీపుళ్లు, స్పాంజీలు కూడా ఒక కెరీరేనా? అయితే ఏం చదివించాలి? చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి)

జవాబు:

కెరీరే అమ్మా. ఆ విషయంలో అనుమానం పెట్టుకోకండి. ప్రతి ఇంట్లో రోజూ వాడే సామాను, అరిగిపోతే మళ్లీ కొనక తప్పని సామాను. పిడి ఎంత పొడవుండాలి, కుచ్చు ఎంత గట్టిగా ఉండాలి అని ఎక్కడో ఎవరో కూర్చుని తల బద్దలు కొట్టుకుంటేనే అది మన చేతికి ఆ రూపంలో వస్తుంది. నవ్వే చుట్టాలింట్లో మాప్ కూడా అలా వచ్చిందే. వాళ్లను వదిలేద్దాం.

ఏ కోర్సు అన్నది మాత్రం కొంచెం ఓపిగ్గా చూడాలి. తోమే సామాను డిజైన్ చేయడమంటే అందులో మూడు పనులు కలిసి ఉంటాయి. వాడే మనిషిని, ఆ మనిషి చేతిని, నడుమును గమనించడం ఒకటి. దేంతో తయారుచేయాలో తేల్చుకోవడం ఇంకొకటి. ఎలా కదలాలి, ఎలా వంగాలి, ఎలా పిండాలి అన్న యంత్రాంగం మూడోది. ఈ మూడింటినీ ఏ కోర్సూ సమానంగా నేర్పదు. అందుకే నాకు మీనుంచి కావలసిన సమాచారం ఒక్కటే: ఆ సీసా బ్రష్ చేస్తున్నప్పుడు మీ అమ్మాయి దేని దగ్గర ఎక్కువసేపు ఆగిపోయింది? మీరు గమనించకపోతే తననే అడగండి, రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. కోర్సును దాన్నిబట్టి ఎంచుకుందాం.

ఒకవేళ 'అమ్మమ్మ చేతికి ఇది సరిగా పట్టు దొరకట్లేదు, నువ్వు తోముతుంటే మణికట్టు ఇలా తిరుగుతోంది' లాంటి మాటలు చెబితే ఆ పిల్లది మనిషిని చూసే కన్ను. అలాంటి వాళ్లకు ఇండస్ట్రియల్ డిజైన్ లేదా ప్రొడక్ట్ డిజైన్ డిగ్రీ సరిపోతుంది. ఈ రంగంలో ఆ కన్నుకున్న విలువ ఎంతో చెప్పడానికి స్విఫర్ అనే మాప్ కథ చాలు. ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ నేల తుడవడానికి కొత్త పద్ధతి ఏదైనా ఉందా అని కంటిన్యూమ్ అనే డిజైన్ సంస్థను అడిగితే, వాళ్లు ముందు ఇళ్లకు వెళ్లి జనం నేల ఎలా తుడుస్తున్నారో చూస్తూ నిలబడ్డారు. చూస్తే తేలిందేమిటంటే, మాప్‌ను జాడించి పిండడానికి పట్టే టైమ్ నేల తుడిచే టైమ్‌తో పోటీ పడుతోంది, పైగా నీళ్లు దుమ్మును లాగేయడం కన్నా అటూ ఇటూ పాకించడమే ఎక్కువ. అలా చూసిన చూపులోంచి, పొడిగా దుమ్ము పట్టి వాడాక పారేసే గుడ్డతో ఉన్న తేలిక మాప్ 1999లో బయటికొచ్చింది. జపాన్‌లో కావో కంపెనీ అలాంటి వస్తువునే 1994లో అమ్మకానికి పెట్టింది, అదీ చెప్పుకోవాలి. (వాడి పారేసే గుడ్డలు చెత్తను పెంచుతాయన్న విమర్శ నాకూ ఉంది. ఆ సమస్యకు పరిష్కారం మీ అమ్మాయి తరం వాళ్లే వెతకాలి.)

అలాగని మనిషిని గమనించడం డిజైన్ చదివిన వాళ్ల సొత్తేమీ కాదు. స్పెయిన్‌లో మాన్యుయెల్ హలోన్ అనే ఆయన విమానాల ఇంజనీరు. మోకాళ్ల మీద కూర్చుని నేల తుడిచే పని తప్పించాలని 1956లో పొడుగు పిడి మాప్‌ను, దాన్ని పిండే బకెట్‌ను కలిపి తెచ్చారు. మీవారికి ఈ పేరు ఒకసారి చెప్పి చూడండి, ఇంజనీరింగ్‌కీ చీపురుకీ పొత్తు కుదరదన్న కోపం కొంచెం తగ్గవచ్చు.

ఇక మీ అమ్మాయి పిడిని పక్కన పడేసి, ఏ స్పాంజి నీళ్లలో మెత్తబడుతోంది, ఏ పీచు గీతలు పెడుతోంది అని ముక్కలు కోసి పరీక్షలు పెడుతుంటే సంగతి వేరు. అప్పుడు చూడాల్సింది పాలిమర్ ఇంజనీరింగ్ (ప్లాస్టిక్, రబ్బరు లాంటి వాటి చదువు), మెటీరియల్స్ సైన్స్, కెమికల్ ఇంజనీరింగ్. నన్నడిగితే ఈ సామాన్లలో నిజంగా కొత్తదనం పుట్టేది ఎక్కువగా ఇక్కడే. పాత్రలు తోమే ఆకుపచ్చ పీచునే తీసుకోండి. చాలావాటిలో రాపిడి కోసం అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు వాడతారు. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద దానికి 9 అయితే మామూలు గాజుకు సుమారు 5.5 మాత్రమే. గాజు మీదా, నాన్‌స్టిక్ పూత మీదా ఆ పీచు వాడొద్దనేది అందుకే. మరకను గీకాలి, కింద ఉన్నదాన్ని గీకకూడదు. స్క్రబ్బర్ డిజైన్ అంతా ఈ రెంటి మధ్య ఉన్న సన్నని సందులోనే నడుస్తుంది. గోడల మీద పెన్సిల్ గీతలు చెరిపే తెల్ల స్పాంజి ఉంది చూశారా, అది మెలమైన్ నురగ. శబ్దాన్ని, వేడిని ఆపడానికి వాడుతూ వచ్చిన పదార్థమది. దాని సూక్ష్మమైన గట్టి అల్లిక చాలా సన్నటి గరుకు కాగితంలా పనిచేస్తుందని గుర్తించాక ఇంటి సామాను అయింది. అందుకే నిగనిగలాడే వాటి మీద రుద్దితే మెరుపు పోతుంది.

నవ్వు మొహం ఆకారంలో ఉండే స్క్రబ్ డాడీ స్పాంజిని చూసి పిల్లలు 'ఆకారం భలే ఉంది' అనుకుంటారు కానీ దాని కీలకం ఆ నురగలోనే ఉంది. చల్లటి నీళ్లలో గట్టిగా ఉంటుంది, వేడినీళ్లలో మెత్తబడుతుంది. కళ్ల చోట వేళ్లు పెట్టుకోవచ్చు, నోట్లో స్పూను పెట్టి రెండు వైపులా ఒకేసారి తుడవొచ్చు. ఆరన్ క్రాస్ అనే ఆయన కార్లకు పాలిష్ పెట్టే ప్యాడ్ల వ్యాపారం చేస్తూ, మెకానిక్కుల చేతులకంటిన మురికి వదిలించడానికి దీన్ని చేశారు. 2008లో ఆ వ్యాపారాన్ని త్రీఎం కంపెనీ కొన్నా ఈ స్పాంజీలను తీసుకోలేదు. అవి కొన్నేళ్లు పెట్టెలో పడున్నాయి. తర్వాతెప్పుడో తోటలో కుర్చీలు తోమడానికి బయటికి తీస్తే, గిన్నెలకూ పనికొస్తాయని తట్టింది. నురగ మారలేదు, వాడకం మారిందంతే.

మూడో రకం, యంత్రాంగం పిచ్చి. మెడ వంగాలి కానీ తోమేటప్పుడు ఊగకూడదు, బటన్ నొక్కితే బిగుసుకోవాలి, ఇలాంటి వాటితో రాత్రిళ్లు కుస్తీ పడుతుంటే మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేర్పించండి, తర్వాత కావాలంటే ప్రొడక్ట్ డిజైన్‌లో మాస్టర్స్ చేయొచ్చు. జేమ్స్ డైసన్ దీనికి ఎదురు దారిలో వచ్చారు, ముందు ఆర్ట్, డిజైన్ చదివి తర్వాత ఇంజనీరింగ్ వైపు మళ్లారు. సంచి లేని వాక్యూమ్ క్లీనర్ కుదిరేదాకా ఆయన చేసిన నమూనాలు 5,127. ఈ అంకె మీ అమ్మాయికి చెప్పేటప్పుడు స్ఫూర్తి కోసం చెప్పకండి, ఒక్కో నమూనాకు ఒక్క మార్పే చేస్తూ పోయారన్న పద్ధతి కోసం చెప్పండి. మన పిల్లలు ఒకేసారి నాలుగు మార్పులు చేసేసి, ఏది పనిచేసిందో తెలియక కూర్చుంటారు.

మూడు రకాల్లో ఏదైనా సరే, తను చేసిన ప్రతి సామానుకూ ఒక పరీక్ష పెట్టమనండి. హెర్బర్ట్ సిన్నర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త 1959లో చెప్పిన లెక్క ఇది: శుభ్రం చేయడంలో నాలుగు పాలుపంచుకుంటాయి, రాపిడి, సబ్బు లాంటి రసాయనం, వేడి, సమయం. ఒకటి తగ్గిస్తే మిగతావాటిలో ఏదో ఒకటి పెంచక తప్పదు. మరి మీ అమ్మాయి బ్రష్ వీటిలో దేన్ని తగ్గిస్తోంది? 'సబ్బు సగం చాలు' అనో 'సగం టైమ్‌లో అయిపోతుంది' అనో కొలిచి చెప్పగలిగితే అది డిజైన్. చూడటానికి తమాషాగా ఉందంటే అది బొమ్మ. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఈ తేడా ఇట్టే పట్టేస్తారు.

ఇప్పుడు ఎవరూ ముందుగా చెప్పని భాగానికొస్తా. చేత్తో చేసినది పనిచేయడం ఒకటి, ఫ్యాక్టరీలో వేల సంఖ్యలో రావడం మరొకటి, మంచి మంచి ఐడియాలు చాలావరకు ఈ రెంటి మధ్యే ఆగిపోతాయి. ప్లాస్టిక్ పిడి అంటే కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో అచ్చులోకి పంపి తీయడం. అచ్చులోంచి ముక్క జారి రావాలంటే గోడలు కాస్త ఏటవాలుగా ఉండాలి, మందం అంతటా ఇంచుమించు ఒకేలా ఉండాలి, లేకపోతే చల్లారేటప్పుడు గుంటలు పడతాయి, వంకరపోతుంది. లోపలికి కొక్కెంలా తిరిగిన ఆకారముంటే అచ్చులో కదిలే భాగాలు పెట్టాలి, ఖర్చు ఎగబాకుతుంది. మెడ వంగాలంటే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో పలచని మడత పెట్టొచ్చు, వేలసార్లు వంచినా విరగదు, కానీ అదే పని పాలీస్టైరీన్ అనే ఇంకో ప్లాస్టిక్‌తో చేస్తే కాసేపటికే టక్కున విరుగుతుంది. కుచ్చు ఊడకుండా గుచ్చడానికి వేరే మెషీన్లుంటాయి, రంధ్రాల మధ్య దూరానికి వాటి లెక్కలు వాటికుంటాయి. వీటన్నిటికన్నా ముఖ్యం ఇంకొకటుంది: వాడాక నీళ్లు ఎక్కడ నిలుస్తాయి? ఆరని స్పాంజి, ఆరని కీలు వాసనకూ బూజుకూ ఇల్లు. అంట్లు తోమే సామాను తానే మురికిపడితే ఎంత తెలివైన డిజైన్ అయినా జనం నెలలో పారేస్తారు. ఈ ప్రశ్నలు మీ అమ్మాయికి విసుగు తెప్పిస్తే ఈ కెరీర్ మీద మరోసారి ఆలోచించుకోవాలి, కుతూహలం పుట్టిస్తే ఇక మీరు అడ్డం పడొద్దు.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాను. 'క్లీనింగ్ సామాన్ల డిజైనర్' అనే పేరుతో ఖాళీలు తక్కువ. ఇంటి సామాన్ల కంపెనీలు, డిజైన్ సంస్థలు, ప్లాస్టిక్ అచ్చుల తయారీదారులు, పీచు, నురగ తయారుచేసే కంపెనీలు, టెస్టింగ్ ల్యాబులు, వీటిలో చేరితే మొదటి కొన్నేళ్లు సీసా మూతలు, డబ్బా పిడులు గీయాల్సి వస్తుంది, స్పాంజి దాకా రావడానికి టైమ్ పడుతుంది. డిగ్రీ అవ్వగానే సొంత కంపెనీ అంటే నేను వద్దంటాను. జాయ్ మంగానో చేయి తడవకుండా పిండుకునే మాప్‌ను 1990లో తయారుచేశారు, టీవీ షాపింగ్ ఛానల్లో మొదట సరిగ్గా అమ్ముడుపోలేదు, తనే తెర మీదికొచ్చి వాడి చూపించాక అరగంట లోపే దాదాపు 18,000 పోయాయని చెబుతారు. అందరూ ఆ అరగంట గురించే మాట్లాడతారు, అంతకుముందు సొంత డబ్బు, అప్పు తెచ్చిన డబ్బు పెట్టి చేసిన నమూనాల గురించి మాట్లాడరు.

పేటెంట్ గురించి మీరు అడగలేదు కానీ ఇది వెంటనే తెలియాలి. ఆ బ్రష్ వీడియో ఎక్కడా పెట్టొద్దని చెప్పండి. దరఖాస్తు చేయకముందే బయటపెడితే చాలా దేశాల్లో 'ఇది కొత్తది' అనే హక్కు పోతుంది. పనిచేసే తీరుకు పేటెంట్, సాధారణంగా దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. కేవలం రూపానికి డిజైన్ రిజిస్ట్రేషన్ వేరే ఉంటుంది. అయితే ఖర్చు పెట్టే ముందు ఇప్పటికే ఉన్న పేటెంట్లు చూపించే గూగుల్ పేటెంట్స్‌ వెబ్‌సైట్లోనో ఎస్పాసెనెట్‌లోనో వెతకాలి, రెండూ ఉచితం. మెడ వంగే సీసా బ్రష్షులు ఇప్పటికే బోలెడు కనిపిస్తాయని నా అనుమానం. కనిపిస్తే ఏడవక్కర్లేదు, వాటి బొమ్మలు చూసి తనది ఎక్కడ వేరో ఒక పేజీ రాయమనండి, ఆ పేజీ డిజైన్ కాలేజీ ఇంటర్వ్యూలో బ్రష్ కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఈ ఏడాది మాత్రం పరీక్షలే ముందు. ఫిజిక్స్, కెమిస్ట్రీ మార్కులు పడిపోతే పైన చెప్పిన మూడు దారుల్లో రెండు మూసుకుపోతాయి. వారానికి ఒక పూట ఈ పనికి ఇవ్వండి, దాన్ని లాక్కోకండి. ఆ పూటలో నలుగురైదుగురు వేర్వేరు వయసుల వాళ్ల చేత తన సామాను వాడించాలి, ఏమీ చెప్పకుండా పక్కన నిలబడి చూడాలి, ఎక్కడ తడబడ్డారో ఫొటోతో సహా నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోవాలి. డిజైన్ కాలేజీలకు చూపించే పోర్ట్‌ఫోలియోకి, అంటే తను చేసిన పనుల సంకలనానికి, విడిగా ఇంకేమీ అక్కర్లేదు.

వాళ్ల నాన్నగారితో గొడవ పెట్టుకోకుండా చెప్పాలంటే, డిజైన్ ప్రవేశ పరీక్షా, ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షా రెండూ రాయించండి. కంప్యూటర్ సైన్స్ వద్దన్నంత మాత్రాన ఇంజనీరింగే వద్దన్నట్టు కాదని ఇద్దరికీ విడివిడిగా చెప్పండి. ఫలితాలొచ్చాక, ఆ నోట్‌బుక్ చేతిలో ఉన్నప్పుడు కూర్చుని మాట్లాడుకోవచ్చు. త్రీడీ ప్రింటర్ కొనమని ఎలాగూ అడుగుతుంది, ఇప్పుడే కొనకండి. ఈ దశకు అట్ట, తీగ, గ్లూ గన్ సరిపోతాయి, వాటితో కుదరని ఆకారం ఎదురైతే అప్పుడు బయట ఎక్కడైనా ఒక్క ముక్క ప్రింట్ చేయించుకోవచ్చు.